ప్రతిజ్ఞ దగ్గర ఆగిన గొంతు: ఒక జవాను కూతురి కేస్ స్టడీ

తిరుపతిలోని ఒక పాఠశాలలో, వారానికి రెండు రోజుల కౌన్సెలింగ్ పనిలో ఎదురైన కేసు ఇది. తల్లీ, పాపా చదివి సరే అన్నాకే బయటపెడుతున్నాను. తండ్రి హోదా, ఇల్లున్న పేట, పిల్లల వయసుల తేడా, కొన్ని తేదీలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం మార్చలేదు.

నేపథ్యం

పాపకు 12 ఏళ్ళు, ఏడో తరగతి. ఒక తమ్ముడు. తండ్రి ఆర్మీలో హవల్దారు. అంతకు ముందు మూడేళ్ళు పీస్ పోస్టింగ్ కావడంతో కుటుంబమంతా కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండేది, పిల్లలు కేంద్రీయ విద్యాలయంలో చదివారు. 2025 మొదట్లో ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. అక్కడ కుటుంబాన్ని వెంట ఉంచుకునే వీల్లేదు. తల్లి పిల్లలతో తిరుపతికి వచ్చి అద్దె ఇంట్లో దిగింది. అవ్వా తాతా పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఉంటారు. ఆ వైపు పల్లెల్లో సైన్యంలో చేరడం కుటుంబ గౌరవం. కలికిరిలో 2014లో సైనిక్ స్కూలు వచ్చాక ఆ గౌరవం పిల్లల చదువులోకీ వచ్చింది. తొమ్మిదో తరగతికి పాపచేత ఆ ప్రవేశ పరీక్ష రాయించాలని బాబాయి పట్టుదల.

పాప మనసులో ఏముందో తెలియాలంటే రెండు సంఘటనలు చెప్పుకోవాలి. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయినవారిలో కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు. ఆయన అంతిమయాత్ర రోజు ఎనిమిదేళ్ళ పాప తాత చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన జెండాతో నిలబడింది. రెండోది 2025 మే. 7వ తేదీన ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ దాకా ఆ ఇంట్లో టీవీ ఆగలేదు. ఆ రోజుల్లోనే శ్రీ సత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలర్పించారు. సరిగ్గా అప్పుడే తండ్రి ఫోన్ మూడు రోజులు మూగబోయింది. నాలుగో రోజు ఆయన మాట్లాడింది ఒక్క నిమిషం కూడా లేదు.

ఎదురైన సమస్య

జూన్‌లో బడి తెరిచాక, జవాను కూతురని గౌరవంగా సోమవారం అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించే బాధ్యత పాపకిచ్చారు. మొదటి సోమవారం దాదాపు చివరి దాకా చెప్పి, "ప్రతిజ్ఞ చేస్తున్నాను" అన్నచోట ఆగిపోయింది. రెండో సోమవారం బడికే రాలేదు. తర్వాత వరుసలో నిలబడినా పెదవులు కదిలేవి కావు. ఒక తోటి విద్యార్థి "మీ నాన్న ఊరికే పోలేదు గదా, జీతం తీసుకుంటా ఉండాడు" అంటే జామెట్రీ బాక్సు విసిరింది. పొద్దున కడుపునొప్పి. రాత్రి రెండు గంటలకు లేచి తల్లి ఫోన్ చూడటం.

బడి నుంచి వచ్చిన ఫిర్యాదు కాగితంలో ఉన్నది ఒకే వాక్యం: "సైనికుడి కూతురికే దేశభక్తి లేకపోతే మిగతా పిల్లలకు ఏం చెప్పాలి?" తల్లి మాట వేరు: "నిద్రలో లేసి ఫోన్ చూస్తా ఉంటాది మేడమ్. అడిగితే టైము చూసినా అంటాది."

మొదటి అంచనా

ముందు శరీరం సంగతి తేల్చుకోవాలి. పిల్లల డాక్టరు చూశారు. మూత్ర పరీక్ష మామూలుగా ఉంది, బరువు తగ్గలేదు, నొప్పి రాత్రి నిద్ర లేపడం లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవడం ఉన్నాయా అని సూటిగానే అడిగాను. లేవు. ఈ ప్రశ్న అడిగితే పిల్లలకు లేని ఆలోచన కలుగుతుందన్నది అపోహ, అడగడం మానకూడదు.

పిల్లల బలాలనూ ఇబ్బందులనూ చూసే ఎస్‌డీక్యూ ప్రశ్నావళిలో 25 ప్రశ్నలుంటాయి. ఇబ్బందులను కొలిచే 20 ప్రశ్నల మొత్తం గరిష్ఠంగా 40. తల్లి నింపిన ఫారంలో 18 వచ్చింది. తల్లిదండ్రుల ఫారంలో 17 గానీ అంతకు పైన గానీ వస్తే ఆందోళన పడాల్సిన స్థాయి. క్లాసు టీచర్ నింపినదాంట్లో 9, అంటే పూర్తిగా మామూలు. ఈ తేడాను కొలతలో పొరపాటని పక్కన పెట్టేయబుద్ధవుతుంది. అలా చేయకూడదు. సైనిక కుటుంబాల పిల్లలు బడిలో క్రమశిక్షణతో ఉంటారు, ఎందుకంటే ఇంట్లో అదే నేర్పుతారు. లోపలి కలత టీచరుకు కనిపించకపోవడమే ఈ పిల్లల్లో తరచూ ఉండే సంగతి.

మొదటి సెషన్‌లో దేశభక్తి అంటే ఏంటని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది: "దేశం కోసం చచ్చిపోవడం." దాన్ని పాఠ్యపుస్తకంలోంచి వచ్చిన జవాబనుకుని రాసుకుని ముందుకు వెళ్ళాం. అక్కడే ఆగి ఉండాల్సింది.

ఏం ప్రయత్నించాం, ఏది పారలేదు

మొదట భాష అనుకున్నాం. కేంద్రీయ విద్యాలయం నుంచి వచ్చిన పిల్ల, తెలుగు చదవడం నెమ్మది. ప్రతిజ్ఞను పెద్ద అక్షరాల్లో రాసిచ్చి నాలుగు రోజులు సాధన చేయించాం. రెండో రోజే తేలిపోయింది, పాపకు అది కంఠతా వచ్చు. గదిలో ఆ మాట దగ్గర గొంతు సన్నబడుతోంది, అసెంబ్లీలో పూర్తిగా ఆగుతోంది.

తర్వాత బడి భయం అనుకున్నాం. బడికి వెళ్ళే సమయాన్ని మెట్లు మెట్లుగా పెంచే పద్ధతి మొదలుపెట్టాం: మొదటి వారం రెండో పీరియడ్‌కు రావడం, రెండో వారం మొదటి పీరియడ్‌కు. చక్కగా వచ్చింది. అసెంబ్లీ చేరేసరికి మళ్ళీ మొదటికే. మూడు వారాల హాజరు పట్టీ, తల్లి రాసిన కడుపునొప్పి పట్టీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. వాన పడి అసెంబ్లీ లేని రెండు రోజులూ నొప్పి లేదు. ఈ పట్టీలు మొదటి వారంలోనే పక్కపక్కన పెట్టి ఉంటే పదిహేను రోజులు మిగిలేవి. ఇంకో గుర్తు కూడా ఉంది: జాతీయ గీతం అప్పుడు పాప మామూలుగా పాడుతోంది. జెండాతో గొడవ లేదు. ప్రతిజ్ఞతోనే.

ఇంట్లో వార్తలు పూర్తిగా ఆపమన్నాం. అదీ బెడిసికొట్టింది. టీవీ ఆపేశారంటే ఏదో జరిగిందనే పాప లెక్క. పక్కింట్లోకి వెళ్ళి చూడటం మొదలుపెట్టింది. పిల్లలకు కబురు తెలియకపోతే ఆ ఖాళీలోకి కబురు కంటే పెద్ద ఊహ వచ్చి కూర్చుంటుంది.

సెలవుకు రోజులు కొట్టేసే క్యాలెండరు కూడా పెట్టాం. సైనికుడికి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అయితే అవి ఎప్పుడు దొరుకుతాయో యూనిట్ అవసరాన్ని బట్టి ఉంటుంది. జూలై సెలవు వాయిదా పడింది. పాప ఆ క్యాలెండరును చింపలేదు, గోడవైపు తిప్పి పెట్టింది. సైనిక కుటుంబంలో ముందుకు లెక్కపెట్టే క్యాలెండరు వాడకూడదని అప్పుడు నిర్ణయించాం. నాన్న వచ్చే తేదీ మన చేతిలో లేనప్పుడు దాన్ని గోడకు తగిలించడం పిల్లకు ఇచ్చిన మాట అవుతుంది. ఆ మాట తప్పేది మనమే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది జూలై 26. కార్గిల్ విజయ్ దివస్ నాడు పాపను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, నాన్న గురించి రెండు మాటలు చెప్పమన్నారు. గర్వం పెరిగితే భయం తగ్గుతుందని బడి వాళ్ళ ఉద్దేశం, మంచి ఉద్దేశమే. ముందుగా అడిగినప్పుడు నేను గట్టిగా వద్దనలేదు, "పాప ఒప్పుకుంటే సరే" అన్నాను. హెడ్‌మాస్టరు అడిగితే పన్నెండేళ్ళ పిల్ల ఒప్పుకోకుండా ఎలా ఉంటుంది? వేదిక దిగి వాంతి చేసుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు బడి లేదు. ఆ సాయంత్రం తండ్రి వీడియో కాల్‌లో ధైర్యం చెప్పబోయి "జవాను కూతురు ఏడవకూడదు తల్లీ" అన్నారు. ఆ రాత్రి నుంచి ఏడుపు నిజంగానే ఆగింది, ఫోన్ దిండు కిందకు చేరింది.

పటం దొరికిన రోజు

ఆగస్టు మొదటి వారంలో తల్లి వేరే మాటల మధ్యలో చెప్పింది: గోడ మీదుండే పాప వ్యాసం పటం కనబడటం లేదని. ఐదో తరగతిలో వ్యాస రచన పోటీలో మొదటి బహుమతి వచ్చిన వ్యాసం అది. లామినేట్ చేయించి, కంటోన్మెంట్ నుంచి తిరుపతి దాకా భద్రంగా తెచ్చుకున్నారు. బియ్యం డబ్బా వెనక దొరికింది. పాపను నిలదీయవద్దని, ఉన్నచోటనే ఉంచమని చెప్పాను. దాచింది తనే చెప్పాలి. నిలదీస్తే "కింద పడింది" అనే జవాబు వస్తుంది, ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు.

తర్వాతి సెషన్‌లో బడి గోడల మీద ఏ వ్యాసాలు పెడతారు, వాటిలో ఏ వాక్యం తీసేయాలనిపిస్తుంది అని మామూలుగా అడిగాను. చాలాసేపటికి చెప్పింది. ఆ వ్యాసంలో చివరి వాక్యం, హిందీలో, "మా నాన్న దేశం కోసం ప్రాణాలైనా ఇస్తారు" అని. "నేనే గదా రాసింది. నేను ఇచ్చేసినట్టే గదా."

అప్పుడు ముక్కలన్నీ అతుక్కున్నాయి. తండ్రి ఒకసారి తన కసమ్ పరేడ్ వీడియో చూపించారు. శిక్షణ పూర్తయిన రోజు జెండా ముందు చేసే ఆ ప్రమాణంలో, ప్రాణాపాయం ఉన్నా నేలమీద, నీటిమీద, గాలిలో ఎక్కడికి పంపినా వెళ్తానన్న మాట ఉంటుంది. తర్వాత పాప వ్యాసం రాసింది, చప్పట్లు కొట్టారు. తర్వాత నాన్న వెళ్ళారు. మే నెలలో ఫోన్ ఆగింది. జూన్‌లో మైకు ముందు నిలబెట్టి "ప్రతిజ్ఞ చేస్తున్నాను" అనమన్నారు. పాప దృష్టిలో ఇవన్నీ ఒకే ప్రమాణం. తను గట్టిగా అంటే నాన్నను రెండోసారి ఇచ్చేసినట్టు.

దేశభక్తి లేని పిల్ల కాదు ఈమె. ఆ మాటను బడిలో అందరికంటే అక్షరాలా నమ్మిన పిల్ల.

ఏది పనిచేసింది

మొదటి పని రెండు ప్రమాణాలను విడదీయడం. ఒక కాగితాన్ని నిలువునా మడిచి ఎడమవైపు సైనికుడి ప్రమాణంలోని సంగతులు, కుడివైపు బడి ప్రతిజ్ఞలోవి రాయించాను. ఎవరు చేస్తారు, ఏ వయసులో, దేనికి మాటిస్తారు, ఎవరి తరఫున. బడి ప్రతిజ్ఞను 1962లో తెలుగులోనే రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు, అప్పుడాయన విశాఖలో ట్రెజరీ అధికారి. ఈ సంగతి పాపకు బాగా నచ్చింది, ఆఫీసులో పనిచేసే ఒక మనిషి రాసినది అని రెండుసార్లు అంది. తర్వాత ఎర్ర పెన్సిలిచ్చి ప్రతిజ్ఞలో చావు గురించిన మాట ఎక్కడుందో గీత గీయమన్నాను. వెతికింది. ప్రేమించడం, పెద్దల్ని గౌరవించడం, మర్యాదగా నడుచుకోవడం, సేవ. పెన్సిలు కింద పెట్టి "ఇది నాన్న గురించి కాదు" అంది. ఈ పని 45 నిమిషాల్లో అయిపోలేదు, రెండు సెషన్లు పట్టింది. నాన్న ప్రమాణం పెద్దయ్యాక తెలిసి చేసింది, దాన్ని ఇంకెవరూ ఆయన తరఫున చేయలేరు, కూతురు రాసిన వాక్యం దానికి సంతకం కాదు అన్నది మూడు రకాలుగా తిప్పి చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండోది తండ్రితో విడిగా మాట్లాడటం. పాప లేకుండా, 25 నిమిషాలు. "నాకేం కాదు" అని మాట ఇవ్వవద్దని కోరాను. ఫోన్ మళ్ళీ రెండు రోజులు ఆగితే ఆ మాట అబద్ధమైపోతుంది, తర్వాత ఆయన ఏం చెప్పినా నమ్మకం ఉండదు. ఏ మాట చెప్పాలో ఇద్దరం కలిసి కూర్చుకున్నాం. చివరకు ఆయన పాపతో అన్నది ఇది: "భయం నాక్కూడా ఉంటాదమ్మా. భయమేసినప్పుడు ఏం చేయాలో మాకు నేర్పించినారు, అదే చేస్తాను. ఏడుపొస్తే ఏడువు." ఏడవకూడదన్న మాటను ఎవరు చెప్పారో వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. కౌన్సిలరు తీసేస్తే అది పోదు.

మూడోది ఉత్తరాలు. ప్రతి బుధవారం ఒక ఇన్‌లాండ్ లెటర్. నంబరు, హోదా, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఊరి పేరు రాయనక్కర్లేదు, రాయకూడదు కూడా. ఫోన్ వస్తుందా రాదా అన్నది పాప చేతిలో లేదు, బుధవారం ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడం తన చేతిలో ఉంది. గోడవైపు తిరిగిన క్యాలెండరు స్థానంలో, వేసిన ఉత్తరాలకు గీతలు పెట్టే కాగితం వచ్చింది. మొదటి ఉత్తరంలో పాప ఒకే ప్రశ్న అడిగింది: పొద్దున లేచినప్పటి నుంచి నువ్వేం చేస్తావు? స్థలం, మనుషుల సంఖ్య, సామగ్రి వివరాలు లేకుండా జవాబు రాయమని తండ్రికి ముందే చెప్పాం, ఆయనకు ఆ జాగ్రత్త మనకంటే బాగా తెలుసు. రెండు పేజీల జవాబు వచ్చింది. నీళ్ళు కాచడం, కుర్రాళ్ళ సాక్సులు ఆరాయో లేదో చూడటం, తడి బూట్లతో పడుకున్నవాణ్ని తిట్టడం, స్టవ్ బాగుచేయడం, రాత్రి కాపలా వంతులు రాయడం. పాప దాన్ని బట్టి వ్యాసం మళ్ళీ రాసింది, ఈసారి తెలుగులో. "మా నాన్న అందరి బూట్లూ ఆరినాయా లేదా చూస్తారు. పాదాలు తడిగా ఉంటే చెడిపోతాయి" అన్నది అందులో మొదటి వాక్యం. పాత పటం పారేయమని ఎవరూ అనలేదు. దాని మీదే కొత్త కాగితం అంటించింది.

నాలుగోది ఫోన్ మూగబోయినప్పుడు ఏం చేయాలన్న పద్ధతి. తల్లీ, తండ్రీ, పాపా ఒప్పుకుని రాసుకున్నది: సిగ్నల్ లేకపోవడం అక్కడ మామూలు. వాట్సాప్‌లో తిరిగే జాబితాలు చూడం. ఏదైనా కబురుంటే అది ముందు యూనిట్ నుంచి అమ్మకే వస్తుంది. అమ్మకు తెలిసింది ఆ రోజే పాపకు చెబుతుంది, దాచదు. రాత్రి అమ్మ ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది, రింగు పూర్తి శబ్దంతో. ఆ చివరి ముక్క పాపే పెట్టించింది. మోగితే వినబడుతుందన్న నమ్మకం ఉంటేనే దిండు కింద పెట్టుకోవడం మానగలదు. వార్తలు సాయంత్రం ఏడుకు పదిహేను నిమిషాలు, అమ్మతో కలిసి.

బడిలో టీచర్లతో ఇరవై నిమిషాల సమావేశం పెట్టాం. అడిగినవి కొన్నే: మీ నాన్న ఎక్కడున్నారని అందరి ముందూ అడగవద్దు. ప్రతిజ్ఞ చెప్పించే పని ఈ ఏడాదికి వేరేవారికి. జీతం మాట అన్న పిల్లవాడిని శిక్షించవద్దు, జీతం తీసుకోవడం తప్పు కాదని క్లాసులో అందరికీ ఒకసారి చెప్పండి. టీచరుకూ జీతం ఉంది, నర్సుకూ ఉంది.

ఆగస్టు 15కు పాప ఏం చేస్తుందో తనే ఎంచుకుంది. వేదిక వద్దంది. పీఈటీ సార్‌తో కలిసి జెండా కట్టే పని అడిగింది. దీన్ని అందరూ చిన్న పనిగా చూస్తారు, కానీ తప్పు జరిగేది ఇక్కడే. స్వాతంత్ర్య దినం నాడు జెండాను కింద కట్టి పైకి ఎగురవేస్తారు, గణతంత్ర దినం నాడు పైనే కట్టి విప్పుతారు. కాషాయం పైకి ఉందో లేదో మడవకముందే చూసుకోవాలి. పూలరేకులు పిడికెడు చాలు, ఎక్కువైతే మడత ఉబ్బి ముడి బిగుస్తుంది. జారుముడి తప్ప వేరే ముడి వేస్తే తాడు లాగినా విప్పుకోదు, అందరి కళ్ళూ పైనే ఉంటాయి. పాప మూడు రోజులు ముడి సాధన చేసింది. ఆ రోజు కడుపునొప్పి రాలేదు.

ఫలితం

మొత్తం 11 సెషన్లు, మొదటివి వారానికొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి. నవంబర్‌లో తల్లి ఎస్‌డీక్యూ 11. కడుపునొప్పి వారానికి నాలుగు రోజుల నుంచి నెలకు ఒకటి రెండుకు తగ్గింది. అక్టోబర్‌లో ఫోన్ రెండు రోజులు మూగబోయినప్పుడు పాప రాత్రి ఒకసారి లేచి హాల్లోకి వెళ్ళి చూసి, మళ్ళీ పడుకుంది. భయం పోలేదు. పోవాలని మేము అనుకోలేదు కూడా, నాన్న ఫీల్డ్‌లో ఉన్నంత కాలం అది ఉండాల్సిందే. సెప్టెంబర్ చివర్లో ప్రతిజ్ఞను వరుసలో నిలబడి, అందరి గొంతుల్లో కలిపి పూర్తిగా చెప్పింది. ముందు నిలబడి చెప్పడానికి ఇప్పటికీ ఇష్టపడదు. దాన్ని సరిదిద్దాల్సిన విషయంగా మేము చూడటం లేదు. దేశభక్తి అంటే ఏంటన్న ప్రశ్న నవంబర్‌లో మళ్ళీ అడిగితే ఈసారి కాసేపు ఆలోచించింది. "సాక్సులు ఆరబెట్టడం కూడా" అంది.

నేర్చుకున్నవి

ఫిర్యాదులో దేశభక్తి అన్న మాట ఉంటే దాన్ని పక్కన పెట్టి, ఏ నిమిషంలో ఏ మాట దగ్గర పిల్ల ఆగుతోందో ముందు రాసుకోవాలి. గీతం పాడి ప్రతిజ్ఞ దగ్గర ఆగడం మొదటి వారమే కనబడింది, దాని బరువు మాకు ఆరో వారానికి తెలిసింది. పిల్ల మొదటి రోజు ఇచ్చిన కంఠస్థ జవాబును కూడా నిజంగా నమ్మి ఇచ్చినట్టే తీసుకోవాలి.

సన్మానం చికిత్స కాదు. వేదిక మీదికి పిలిచే ముందు "వద్దు" అనే దారి నిజంగా తెరిచి ఉందా అని కౌన్సిలరే చూడాలి. ఇంట్లో అయినా, బడిలో అయినా, నాన్న త్యాగం గురించి వ్యాసాలు రాయించేటప్పుడు సైనిక కుటుంబాల పిల్లలకు వేరే అంశం కూడా ఇవ్వాలి: నాన్న రోజు ఎలా గడుస్తుంది, ఇల్లు మారితే ఏం సర్దుకుంటాం, అమ్మ ఒక్కతే ఎలా నెట్టుకొస్తుంది. ఇవీ దేశం గురించే.

ఆలస్యంగా చూసిన ఇంకొకటి తమ్ముడు. అందరి చూపూ అక్క మీదే ఉండగా వాడు పక్క తడపడం మళ్ళీ మొదలైంది. తల్లి సిగ్గుపడి సెప్టెంబర్ దాకా చెప్పలేదు. ఒక పిల్లను చూస్తున్నప్పుడు ఇంట్లో మిగతా పిల్లల నిద్ర, తిండి, పక్క గురించి మొదటి సెషన్‌లోనే అడగాలి. వాడికి ఉత్తరంలో బొమ్మ గీసే చోటు ఇచ్చాక రెండు నెలల్లో తగ్గింది.

రెండేళ్ళలో మళ్ళీ బదిలీ ఉంటుంది, మళ్ళీ కొత్త బడి. అందుకని కేసు మూసేటప్పుడు ఒక పేజీ కాగితం రాసి తల్లి చేతికిచ్చాం. అందులో రోగం పేరు లేదు. వేదిక మీదికి పిలవవద్దు, జెండా కట్టే పని ఇస్తే సంతోషిస్తుంది, బుధవారం ఉత్తరం ఆగకుండా చూడండి, ఫోన్ పద్ధతి కాగితం ఇంట్లో ఉంది. అడుగున పాప తన చేత్తో ఒక వాక్యం కలిపింది: "జారుముడి నాకు వచ్చు."